గిచ్చుడుబిళ్ల

సరూపకు ముసలివాళ్లను భయపెట్టడం బాగా వచ్చు. రేలగుట్ట బొగ్గుబాయి కాలనీలో ఆ పని ఆమెలా చేసేవాళ్లు ఇంకొకరు లేరు. కార్మిక భవనంలో వేదిక వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. గొంతు లావు చేసుకుని ఫోన్‌లో మాట్లాడుతుంది. ఇవతల హాల్లో, నలుగురూ చూస్తుండగా, కుర్చీలో కూర్చున్న మనిషికి చెమటలు పడతాయి. అవతల ఉన్నది సరూపేనని ఆ మనిషికి తెలుసు. సెల్‌ఫోన్లు బాగుచేసే సరూప, ఓదెలు సర్దార్ బిడ్డ, కళ్లముందు పెరిగిన పిల్ల. తెలిసీ చెమటలు పడతాయి. ఆమె చూపించదలచుకున్నది సరిగ్గా అదే.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది మొగిలి. బాయిలో డ్రిల్లు పట్టి పట్టి చెవులు సగం పోయిన మనిషి, అందుకే ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు.

"మొగిలి గారేనా మాట్లాడేది?"

"గార్లు గీర్లు ఎందుకు తియ్యి, మొగిలినే. చెప్పుండ్రి సారు." హాలంతా నవ్వింది.

"మీ పేరు మీద వచ్చిన పార్శిల్‌లో మత్తుమందు దొరికింది. మీ మీద కేసు రాశాం. ఈ క్షణం నుంచి మీరు మా కస్టడీలో ఉన్నారు. ఫోన్ పెట్టేస్తే జీపు మీ గుమ్మం ముందు ఆగుతుంది."

మొగిలి పెదాల మీద నవ్వు అలాగే ఉంది, కళ్లలో పోయింది. తలుపు సందులోంచి సరూప అతని రొమ్ము చూస్తోంది. ఆమె మాట మధ్య ఆగితే ఆ రొమ్ము ఆగుతోంది. ఆమె గాలి పీల్చుకుంటే అతనూ పీల్చుకుంటున్నాడు. ఆమె ఊపిరికి అతని ఊపిరి అతుక్కుపోయింది. ఇంకో రెండు మాటలు చెబితే బ్యాంకు సంగతులన్నీ చేతిలో పెట్టేస్తాడు.

అప్పుడు అతని చెవి కింద అతికించిన బటన్‌లాంటి బిళ్ల మీద పచ్చ దీపం ఎర్రగా మారింది. చల్లటి సూదితో గిచ్చినట్టయింది. మొగిలి ఉలిక్కిపడి, కడుపులోంచి తన సొంత ఊపిరి ఒకటి లాగాడు. అంతే. కళ్లు తేటపడ్డాయి.

"జీపు పంపు బిడ్డా, పంపు," అన్నాడు. "డీజిల్ గూడ నువ్వే పోసుకో."

చప్పట్లు, ఈలలు. సరూప గదిలోంచి బయటికి వచ్చి, నీళ్లు కూడా తాగకుండా, "చూసిన్రా? ఇది తెలివి తక్కువోళ్లకు వచ్చే రోగం గాదు," అని మొదలుపెట్టింది. "ఊపిరి దొరకబుచ్చుకుంటడు వాడు. ఊపిరి ఇడిపించుకుంటె బుద్ధి దానంతట అదే వస్తది."

ఆ బిళ్లకు ప్రయోగశాల వాళ్లు పెట్టిన పొడుగాటి పేరు ఒకటుంది. కాలనీలో ఎవరికీ నోరు తిరగలేదు. గిచ్చుడుబిళ్ల అన్నారు, అదే నిలిచింది.

ముసలివాళ్లు ఆశకుపోయి మోసపోతారని వాగేవాళ్లను చూస్తే సరూపకు ఒళ్లు మండుతుంది. వాళ్ల నాన్న ఓదెలు దేనికి ఆశపడ్డాడు? బాయిలో సర్దార్‌గా చేశాడు. పొద్దున్నే అందరికంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పు తట్టి చూసి, అది గట్టిగా పలికితేనే మనుషుల్ని రానిచ్చేవాడు. పని అయ్యాక అందరినీ పంపి కడపటికి తను ఎక్కేవాడు. అలాంటి మనిషిని ఎవడో మూడు పూటలపాటు ఫోన్ వీడియో ముందు కూర్చోబెట్టాడు. వెనకగదిలో, సొంత ఇంట్లో, సొంత మంచం మీద. అన్నం తినాలన్నా ఫోన్‌ను అడిగాడు, ఒంటికి పోవాలన్నా అడిగాడు. జ్వరం వచ్చిందని తలుపు వేసుకున్నాడు. సరూప నమ్మి, దుకాణంలో ఊరివాళ్ల ఫోన్లు బాగుచేస్తూ కూర్చుంది. రిటైరైనప్పుడు బాయి ఇచ్చిన డబ్బంతా ఊడ్చుకుని వాడు పోయాడు. అనుమానం వచ్చి ఆమె గడియ విరగ్గొట్టి లోపలికి పోయేసరికి ఓదెలు చీకటైపోయిన ఫోన్ ముందు అలాగే కూర్చుని ఉన్నాడు.

"లేవొచ్చునా?" అని అడిగాడు, ఆ ఫోన్‌నే.

సరూప ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఎందుకు విన్నవు బాపు, ఎందుకు విన్నవు అని అరిచింది. ఓదెలు నోరు విప్పలేదు. జవాబు ఆమే వెతుక్కుంది. బాయిలో పైనుంచి ఫోన్ మోగి, మనుషుల్ని తీసుకుని బయటికి రా అంటే ఎందుకని అడగకూడదు. అడుగుతూ నిలబడ్డవాళ్లు అక్కడే ఉండిపోయారు. కనపడని గొంతు చెప్పింది చెయ్యడమే ఇతన్ని అన్నేళ్లు బతికించింది. ఆ అలవాటే దొంగకు దొరికింది. బాయి మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది అని సరూప తేల్చేసింది. ప్రతి మీటింగులో అదే చెప్పింది. ఓదెలు వెనక వరసలో కూర్చుని, తల వంచుకుని, తన గురించి తన బిడ్డ చెప్పేది వినేవాడు.

పేపర్లో ఒక మూల, హైదరాబాద్‌లో డాక్టర్ నుస్రత్ అనే ఆవిడ భయానికీ ఊపిరికీ ఉన్న లంకె మీద పనిచేస్తోందని పడింది. సరూప బస్సెక్కి పోయి ఆ ప్రయోగశాల గేటు ముందు కూర్చుంది. వాచ్‌మన్ పొమ్మన్నా పోలేదు. చివరికి నుస్రతే బయటికి వచ్చింది.

"మీరేం చదివారమ్మా?"

"టెన్త్ ఫెయిలు మేడం. ఫోన్లు చదివిన."

నుస్రత్ దగ్గర ఒక గదినిండా యంత్రాలుండేవి. భయపడినవాడి ఊపిరి, భయపెట్టేవాడి మాటకు ఎప్పుడు అతుక్కుంటుందో అవి చెప్పగలవు. ఆ గదిని చెవి కింద పట్టేంత చిన్న బిళ్లలోకి కుదించింది సరూప, పాత ఫోన్ల పొట్టలు కోసి తీసిన ముక్కలతో. మొదటి బిళ్ల ఓదెలుకు పెట్టింది. ఆ తర్వాత ఎన్ని దొంగ ఫోన్లు వచ్చినా ఓదెలు లొంగలేదు. కాలనీలో ఒక్కరూ లొంగలేదు. పింఛన్ల ఆఫీసు పెద్దలు వచ్చి చూసి, వచ్చే సోమవారం నుంచి రాష్ట్రమంతా పంచుతామన్నారు. నుస్రత్ ఒప్పుకుంటున్నానని రాసివ్వడమే మిగిలింది.

నుస్రత్ రాసివ్వలేదు. మొగిలినీ, అతని భార్య లస్మమ్మనూ తీసుకుని రమ్మంది.

ప్రయోగశాలలో మొగుడూపెళ్లాలను ఎదురెదురుగా కూర్చోబెట్టింది. మొగిలి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మా, మీ ఆయనతో ఏదో ఒకటి మాట్లాడండి. ఇంట్లో మాట్లాడుకున్నట్టే."

"ఇంట్ల మాట్లాడుకుంటమని ఎవరు చెప్పిన్రు మేడం?" అని లస్మమ్మ నవ్వి, పక్కింటి కోళ్లు తన మడిలో పాలకూర తొక్కిన కథ ఎత్తుకుంది. గోడమీద తెరలో రెండు గీతలు కదులుతున్నాయి. ఒకటి ఆమె మాట, ఒకటి అతని ఊపిరి. నుస్రత్ పక్కనే పాత తెర ఒకటి వేసింది, బిళ్ల పెట్టకముందు తీసింది. అందులో రెండు గీతలూ ఒకే మనిషి రెండు కాళ్లలా నడుస్తున్నాయి. ఇవాళ్టి తెరలో లస్మమ్మ గీత ఒక్కటే నడుస్తోంది. ఆమె నోరు విప్పినప్పుడల్లా మొగిలి గీత తెగి పక్కకు తొలుగుతోంది.

"బిళ్ల లేదు కదా మేడం," అంది సరూప.

"లేదు. ఇక అక్కర్లేదు కూడా. గిచ్చించుకుని గిచ్చించుకుని ఒళ్లు నేర్చేసుకుంది. ఎవరు మాట్లాడినా ఊపిరి కలవబోతేనే తెంపేస్తుంది. దొంగతోనూ కలపదు, పెళ్లాంతోనూ కలపదు."

"నేను చెప్తనే ఉన్న గద," అంది లస్మమ్మ. "అన్నం తిందువు రా అంటె, ఎందుకు పిలుస్తున్నవ్ అంటడు. అండ్ల ఏం కలిపినవని అడుగుడు ఒక్కటే తక్కువ."

"కూర ఏందని అడిగిన," అన్నాడు మొగిలి.

"కూర అడిగేటోడు గట్ల చూస్తడా? దొంగ నోటు చూసినట్టు చూసిండు. సరూపా, దొంగను ఆపుమంటిమి గని మొగన్ని గూడ ఆపుమంటిమా?" నవ్వుతూనే అంది. నవ్వు అయ్యాక కొంగు తీసి మూతి తుడుచుకుని చాలాసేపు తెర వంక చూసింది.

సరూప కుర్చీలో ఉండలేకపోయింది. లేచి కిటికీ దాకా పోయి, వచ్చి, మళ్లీ పోయింది. "మల్ల కలుస్తది లేదా మేడం?"

"తెలీదు. తెలిసేదాకా పంచొద్దంటాను."

"తెలిసేదాంక వాళ్లను దొంగలకు అప్పజెప్పమంటరా?"

"సరూపా, ఒకరి మాట ఒకరికి తగలకపోతే..."

"తగలకుంటె చావరు మేడం. ఇల్లు పోతె చస్తరు. నేను కండ్ల జూసిన. మీరు తెరల మీద చూస్తున్నరు." తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగింది. "సోమవారం లోపట రాసియ్యుండ్రి. లేకుంటె ఆ ముసలోళ్లందరిని తోల్కొచ్చి మీ గేటు ముంగట కూసుండబెడ్త."

బస్సులో మొగిలికీ లస్మమ్మకూ దూరంగా వెనక సీట్లో కూర్చుంది. ఆమెకు లోపల తెలుసు. ఇంట్లో ఓదెలు కూడా మారాడు. మందు వేసుకున్నవా బాపు అంటే మందు కాదు, ఆమె మొహం చూస్తాడు. ఎందుకు అడుగుతున్నవ్ అంటాడు. మొదట్లో ఆమె మురిసిపోయింది, బాపు గట్టిపడ్డాడని. తర్వాత ఆ చూపు తన మీద పడ్డప్పుడల్లా ఏదో పని కల్పించుకుని లేచిపోవడం నేర్చుకుంది.

ఆదివారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుండగా మొగిలి నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడూ అరిచే మనిషి మెల్లగా మాట్లాడాడు. "బిడ్డా, మీ బాపు వాకిట్ల ముడుసుకొని కూసున్నడు. లేస్తలేడు."

ఓదెలుకు తొడ మొదట్లో హెర్నియా గడ్డ ఏళ్లుగా ఉంది. బరువులెత్తిన బాయి మనుషులకు మామూలే. చేత్తో నొక్కితే లోపలికి పోయేది. ఇవాళ పోవడం లేదు. రాయిలా బిగుసుకుంది. ఆటోలో ఆయన పళ్లు కొరుకుతున్న చప్పుడు ఇంజను చప్పుడులో కూడా వినపడింది.

ఆస్పత్రిలో చూసిన డాక్టరు హిమజ, చిన్నవయసు, మాట వేగం. "పేగు ఇరుక్కుపోయింది, పెద్దాయనా. దానికి రక్తం అందట్లేదు. ఇప్పటికిప్పుడు ఆపరేషన్ చెయ్యాలి. లేటైతే పేగు కుళ్లి ప్రాణం మీదికి వస్తుంది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి."

ఓదెలు చెవి కింద దీపం ఎర్రబడింది. ఆయన గట్టిగా ఊపిరి లాగి, నొప్పికి కళ్లు మూసి తెరిచాడు.

"నీ పేరేందమ్మా?"

"హిమజ. సర్జన్ని."

"కార్డు చూపియ్యి."

ఆమె మెడలో కార్డు తీసి చూపింది. ఆయన చూశాడు. "కార్డులు వానికాడ సుత ఉండె," అన్నాడు. "ఇప్పటికిప్పుడు అంటున్నవ్. లేకపోతె పానం పోతది అంటున్నవ్. సంతకం అంటున్నవ్. తొందరపెట్టేటోడు ఎవడైనా దొంగనే. నా బిడ్డ చెప్పింది. గామెనే అడుగు."

హిమజ తిరిగి సరూప వంక చూసింది. సరూపకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"బాపు, ఇది గా దొంగ పని గాదు. డాక్టరమ్మ నిజం చెప్తున్నది. నేను గీడనే ఉన్న గద. నేను చెప్తున్న, పెట్టు."

దీపం మళ్లీ ఎర్రబడింది. తన మాటకు. బాపు అన్న పిలుపుకు. ఆమె కళ్లముందే ఆయన మెడ చర్మం అదిరింది.

సరూప చెయ్యి చాపి ఆ బిళ్లను పీకేసింది. ఓదెలు ఆపలేదు. నొప్పిలోనే చిన్నగా నవ్వాడు. "తీసినవ్. ఏం మారింది? నువ్వు గూడ తొందరపెడ్తున్నవ్. ఇటియ్యి. నాదది."

ఒకసారి ఎవడో ఆయన్ని సొంత గదిలో ఖైదు చేశాడు. మళ్లీ తను ఆయన చేతిలోది గుంజుకోవాలా? ఇచ్చేసింది. ఆయనే అతికించుకున్నాడు.

"ఆయన స్పృహలో ఉన్నారు, కాదంటున్నారు. నేను కత్తి పట్టలేను," అంది హిమజ గొంతు తగ్గించి. "మీరు ఎలాగైనా ఒప్పించండి. ఎక్కువ టైం లేదు."

సరూప వరండాలోకి పరుగెత్తి నుస్రత్‌కు ఫోన్ చేసింది. నుస్రత్ అంతా విని, "బిళ్ల నుంచి వచ్చేది నాకిక్కడ కనపడుతోంది," అంది. "ఒళ్లు నేర్చుకున్నది మరవడమంటూ ఉంటే దానికి వారాలు పడుతుంది సరూపా. భయం చెప్పి ఒప్పించలేవు. ఆ దారి మనమే మూసేశాం."

సరూప మెట్ల దగ్గరికి పోయింది, వచ్చింది, గోడను అరచేత్తో కొట్టింది. భయం దారి మూసుకుపోయింది. నమ్మకం దారి కూడా అదే దారి. ఇంకేం మిగిలింది? ఏం చెబితే ఈ మనిషి కదులుతాడు? తన ప్రాణం పోతుందంటే కదలడు. మరి...

ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఫోన్ తీసింది. వార్డు తలుపుకు చిన్న అద్దం ఉంది, అందులోంచి ఓదెలు మంచం కనపడుతుంది. ఆయన నంబరు నొక్కింది.

"బాపు," అంది. ఏడుపు గొంతు పెట్టడానికి కష్టపడాల్సిన పని లేకపోయింది. "నన్ను కింద ఆఫీసుల కూసుండబెట్టిన్రు. పోలీసులను పిలిచిన్రు. బిళ్లలు పెట్టి ముసలోళ్లను వైద్యం చేసుకోకుంట చేస్తున్ననని కేసట. నువ్వు సంతకం పెడితె ఇడుస్తరట. లేకుంటె జీపెక్కిస్తరట. ఎవ్వరికి చెప్పకు బాపు. డాక్టరమ్మకు సుత చెప్పకు. పెట్టు, గంతే."

అద్దంలోంచి బిళ్లనే చూస్తోంది. పచ్చ. ఎర్రబడుతుందని చూసింది, కొంచెం కోరుకుంది కూడా. పచ్చగానే ఉంది. ఓదెలు ఫోన్ పక్కన పెట్టాడు. మంచం మీద మోచేతి మీద లేచాడు, నొప్పికి మొహం వంకర పోయింది. డాక్టరుకు చెయ్యి చాపాడు.

"యాడ పెట్టాలె?"

పేరు అడగలేదు. కార్డు అడగలేదు. ఎందుకని అడగలేదు. పెట్టాడు.

స్ట్రెచరు పోయాక సరూప మెట్ల మీద కూలబడింది. ఎవ్వరికి చెప్పకు. ఆ మాట ఆమె అనాలనుకుని అనలేదు. దొంగ వేషం కట్టి కట్టి నాలుక మీదికి దానంతట అదే వచ్చింది. ఆ మాట చెప్పేవాడు ఎవడైనా సరే ఫోన్ కట్ చెయ్యండని కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పింది తనే.

నుస్రత్ తనే ఫోన్ చేసింది. "సంతకం పెట్టాడా? ఏం చెప్పావు?"

సరూప చెప్పింది. అవతల నుస్రత్ తెర మీది గీతలను వెనక్కి జరిపి చూసింది.

"ఆయన ఊపిరి ఎక్కడా నీ మాటకు అతుక్కోలేదు," అంది నుస్రత్ చివరికి. "తన కోసం భయపడేవాడు ఎదుటివాడి ఊపిరి పట్టుకుంటాడు. ఆయన ఇక నీ మాట వినడం లేదు సరూపా, అప్పటికే మనసులో లేచి నీకోసం బయల్దేరాడు. బిళ్ల పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు." కాసేపాగి, "ఇది నీకు తట్టిందంటే దొంగలకు ఎప్పుడో తట్టి ఉంటుంది," అంది.

సరూప ఫోన్ జేబులో పెట్టుకుంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఉంది, ఆపరేషన్ గది తలుపు తెరుచుకునేదాకా. పేగు దక్కింది, మనిషి దక్కాడు అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఓదెలు తేటగా కళ్లు తెరిచాడు. చెవి కింద బిళ్ల లేదు, నర్సులు తీసేశారు. మొదటి మాట, "నిన్ను ఇడిసిన్రా?"

అవునంటే అయిపోయేది. కథ అక్కడ మాసిపోయేది. సరూపకు ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా.

"నన్నెవ్వరు పట్టలే బాపు. నేనే అబద్ధం చెప్పిన."

ఓదెలు కొంతసేపు పైకప్పు చూశాడు. బాయిలో చూసినట్టే చూశాడు, ఎక్కడ పగుళ్లున్నాయో అన్నట్టు. ఆ తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సరూప మంచం కాళ్లవైపు నిలబడి ఏదో చెప్పబోయింది. గోడవైపు నుంచే ఆయన అన్నాడు.

"వాడు సుత గిదే చెప్పిండు."

"ఎవడు?"

"వాడే. నీ దుకాణంల దొంగ ఫోన్లు దొరికినయన్నడు. నిన్ను పట్కపోతమన్నడు. నేను ఫోను ముంగట నుంచి లేస్తె జీపు నీ కాడికి పోతదన్నడు. నీకు చెప్తె నిన్ను లోపలేస్తమన్నడు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు, కుట్లు లాగుతున్నాయి. "నా మీద కేసంటె పెట్టుకోరా అని ఫోను నేలకేసి కొట్టేటోన్ని. నాకేం భయం."

బాయి అలవాటని చెప్పిన మీటింగులన్నీ సరూప కళ్లముందు తిరిగాయి. వెనక వరసలో వంచుకున్న తల. అది సిగ్గు అనుకుంది ఇన్నాళ్లు. కాలనీ అంతటికీ పెట్టిన బిళ్లలు, లస్మమ్మ చూసిన తెర, ఇవాళ నుంచి రాష్ట్రమంతా పంచాల్సిన మూటలు, అన్నీ ఆయన పడని భయం మీద కట్టినవి. బయటికి పోయి నుస్రత్‌కు ఒక్క ముక్క చెప్పింది: "మేడం, రాసియ్యకుండ్రి. పింఛన్ల ఆఫీసోళ్లతోని నేనే మాట్లాడ్త." తిరిగి వచ్చి మంచం చుట్టూ దుప్పటి సర్దింది, సర్దిన దుప్పటే మళ్లీ సర్దింది.

అప్పుడు పక్క మంచం మీద ఫోన్ మోగింది. అక్కడున్నది కాలు విరిగిన ముసలాయన, నర్సయ్య అని పేరు, పొద్దుటి నుంచీ వచ్చిపోయేవాళ్లందరికీ బత్తాయిలు పంచుతూ కబుర్లు చెబుతున్నాడు. ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. ఒలిచిన బత్తాయి తొన చేతిలోనే ఉండిపోయింది.

"చూడు వాని మొఖం," అన్నాడు ఓదెలు మెల్లగా. ఎప్పుడు ఇటు తిరిగాడో ఆమె గమనించలేదు. "పో."

సరూప రెండడుగుల్లో ఆ మంచం దగ్గర ఉంది. మామూలుగా అయితే ఫోన్ లాక్కుని వాడి ఏడుతరాలనూ తిట్టి పెట్టేసేది. చెయ్యి అంతదాకా పోయింది కూడా. వెనక్కి తీసుకుంది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముసలాయన కళ్లకు కళ్లు కలిపి అడిగింది.

"తాతా, వాడు ఎవరి గురించి చెప్తున్నడు?"

నర్సయ్య ఫోన్‌ను రొమ్ముకు అదుముకున్నాడు.

"నీ గురించి గాదు గద. ఎవరి గురించి?"

"మా మనుమరాలు," అన్నాడు, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా. "పట్నంల హాస్టల్ల ఉంటది. ఏదో పార్టీల పట్టుకున్నరట. పేపర్ల ఎయ్యకుంట..." ఫోన్‌ను ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "ఎవ్వరికి చెప్పొద్దన్నడు బిడ్డా. నువ్వు పో."

"అంటడు తాతా. చెప్పొద్దనే అంటడు. నిన్న నేను సుత అన్న." తన ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. "ఆ ఫోను అట్లనే ఉండని. దీంట్ల నీ మనుమరాలికి నువ్వే కలుపు. నంబరు నాకు చెప్పకు. నువ్వే నొక్కు."

నర్సయ్య ఆమెనూ ఫోన్‌నూ మార్చి మార్చి చూశాడు. సరూప ఇంకేమీ అనలేదు. త్వరగా నొక్కమని తొందరపెట్టనూ లేదు. తొందరపెట్టకుండా ఉండటానికి పళ్లు బిగించాల్సి వచ్చింది. ముసలాయన వేలు ఒక్కో అంకె మీదా ఆగింది. రొమ్ము మీది ఫోన్‌లో ఎవడో లావు గొంతుతో ఏదో అంటూనే ఉన్నాడు.

మోగింది. మోగుతూనే ఉంది. చుట్టుపక్కల మంచాల వాళ్లు మాటలాపి ఇటు చూస్తున్నారు.

"హలో, ఎవరు?"

నర్సయ్య ఫోన్ మీదికి వంగాడు.

"హలో? ఎవరండీ? క్లాస్‌లో ఉన్నా, చెప్పండి."

"నేనే బిడ్డా," అన్నాడు నర్సయ్య. "నేనే. ఏం లేదు. తిన్నవా అని."

"తాతా? ఇదెవరి నంబరు? కాలెట్లుంది? తిన్నా తిన్నా, సాయంత్రం చేస్తా, సార్ చూస్తున్నడు."

రొమ్ము మీది ఫోన్‌ను నర్సయ్యే కట్ చేశాడు. చేతిలో నలిగిన బత్తాయి తొన చూసుకుని నోట్లో వేసుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నములుతూ ఉండిపోయాడు.

సరూప లేచి ఓదెలు మంచం దగ్గరికి వచ్చింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపు మెత్తగా లేదు. నమ్మినట్టూ లేదు.

"మంచిగ అడిగినవ్," అన్నాడు. "నన్ను అడిగినవా గట్ల?"

"అడగలే."

"ఎందుకు విన్నవ్ అంటివి. తలుపు పగలగొట్టి అడిగితివి. మల్ల జవాబు గూడ నువ్వే చెప్పుకుంటివి."

"చెప్పుకున్న." ఆమె స్టూలు లాగింది. కూర్చోలేదు. నిలబడే అంది, "ఇప్పుడు అడుగుతున్న బాపు. ఆ పొద్దు వాడు ఏమేం అన్నడు?"

ఓదెలు దిండు మీద తల సర్దుకున్నాడు. వార్డులో భోజనం బండి చక్రాలు కిర్రుమంటూ పోయాయి.

"కూసో ముందుగాల," అన్నాడు. "నడుమల అందుకోకు. తొందరపెట్టకు."

సరూప కూర్చుంది. కాళ్లు ఊపకుండా ఉండటానికి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది.

"వాడు ముందుగాల నా పేరు అడగలే," అన్నాడు ఓదెలు. "నీ పేరు అడిగిండు."